బీరుకి రేడియో యాడ్: ఏ రకం నవ్వు ఎవరికి నప్పుతుంది

30 సెకన్ల స్పాట్ కొన్నారు. టేబుల్ మీద మూడు స్క్రిప్టులున్నాయి. ఒకదాంట్లో ఇద్దరు మాట్లాడుకుంటారు. ఇంకోదాంట్లో గంభీరమైన గొంతు ఎవరినో ఆకాశానికెత్తుతుంది. మూడోదాని నిండా శబ్దాలే. చదివి వినిపిస్తే మూడింటికీ గదిలో అందరూ నవ్వారు. చివరికి ఎక్కువ నవ్వు వచ్చినదానికే ఓటేస్తారు.

నా మాట వింటే ఆ ఓటింగ్ పెట్టకండి. గదిలో వినిపించేది మొదటిసారి విన్నవాళ్ల నవ్వు. రేడియో శ్రోత అదే స్పాట్‌ని వారంలో పదిసార్లు, ఇరవైసార్లు వింటాడు. మూడోసారికి జోకు ముందే తెలిసిపోతుంది. పదోసారికి విసుగు. ఇరవయ్యోసారికి ఆ బీరు పేరు చెవిన పడితేనే ఒళ్లు మండుతుంది. అంటే డబ్బు పెట్టి మరీ తిట్టించుకుంటున్నామన్నమాట.

బీరుతో ఇంకో చిక్కు కూడా ఉంది. దాని గురించి నోటితో చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. చల్లగా ఉంటుంది, నురగ వస్తుంది, కాస్త చేదు. పక్క కంపెనీవాడి బీరూ అంతే. రంగు చూపిద్దామంటే రేడియోలో కుదరదు. అందుకే బీరు కంపెనీలు మొదట్నుంచీ నవ్వునే పట్టుకున్నాయి. అమెరికాలో దీనికి ఇంకో కారణం కూడా కలిసొచ్చింది. విస్కీ, జిన్ లాంటి స్పిరిట్ కంపెనీలు 1936 నుంచి 1996 దాకా తమంతట తామే రేడియోకి దూరంగా ఉన్నాయి. ఆ అరవై ఏళ్లూ గాలి తరంగాల్లో బీరుకి వాటినుంచి పోటీయే లేదు. రేడియో హాస్యంలో నేర్చుకోదగ్గవి చాలావరకు అక్కడి బీరు యాడ్లలోనే దొరుకుతాయి.

ముందు కొలబద్ద తేల్చుకోండి

మొదటిది, ఇరవయ్యోసారి పరీక్ష. చివరి మాటలో మెలిక పెట్టి నవ్వించే జోకు తొందరగా చచ్చిపోతుంది. మనిషి తీరులోంచి పుట్టే జోకు బతుకుతుంది. మావయ్య చెప్పే పాత కథకి ఇంట్లో ఇప్పటికీ నవ్వుతామంటే కథ తెలియక కాదు, ఆయన చెప్పే తీరుకి.

రెండోది నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం. స్క్రిప్టులోంచి బీరు పేరు కొట్టేసి ఇంకో పేరు రాయండి. జోకు అలాగే పేలిందా? అయితే అది మీ యాడ్ కాదు, ఊరందరి యాడ్. పేరు మార్చగానే జోకు కూలిపోవాలి. దీనికి మంచి ఉదాహరణ బీరుది కాదు, వైన్‌ది. 1970లలో జెర్రీ స్టిల్లర్, ఆన్ మీరా అనే భార్యాభర్తల జంట అమెరికా రేడియోలో ‘బ్లూ నన్’ అనే జర్మన్ వైన్‌కి యాడ్లు చేసింది. అతను బ్లూ నన్ అంటే ఆమెకి నిజంగానే నీలం బట్టలేసుకున్న సన్యాసిని అన్నట్టు వినిపిస్తుంది. గందరగోళమంతా ఆ పేరులోనే ఉంది. పేరు తీస్తే జోకే లేదు. పైగా తికమక పెరిగేకొద్దీ ఆ పేరు మళ్లీ మళ్లీ పలకాల్సి వస్తుంది, అయినా ఎవరికీ అమ్ముతున్నట్టు అనిపించదు.

ఈ పాఠం నాకు దెబ్బతిన్నాకే ఎక్కింది. ఒకసారి ఒక కూల్ డ్రింక్‌కి స్క్రిప్ట్ రాశాను. జోకు బ్రహ్మాండంగా పేలింది, ఎక్కడికెళ్లినా జనం ఆ డైలాగే అంటున్నారు. ఏ డ్రింక్ యాడ్ అని అడిగితే మాత్రం పదిమందిలో ఎక్కువమంది పోటీ కంపెనీ పేరు చెప్పారు. క్లయింట్ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

మూడోది, చెవికి బొమ్మ కనిపిస్తుందా లేదా. నాలుగోది, ఆ గొంతులు మీకు నిజంగా దొరుకుతాయా. చాలా మంచి స్క్రిప్టులు ఇక్కడే పాడవుతాయి. హాస్యం కాగితం మీద సగమే ఉంటుంది, మిగతా సగం ఆగడంలో ఉంటుంది. ఎక్కడ ఆగాలో తెలియని గొంతుకిస్తే ఎంత మంచి లైనైనా వార్తల్లా వినిపిస్తుంది.

సమయం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. తెలుగు మాటలు పొడుగు. వాచీ పెట్టుకుని మామూలు వేగంతో చదివితే 30 సెకన్లలో అరవై మాటలు పట్టడమే గగనం. అందులో నవ్వుకి ఆగే చోట్లు, సీసా మూత తీసిన చప్పుడు, చివర్లో చట్టం అడిగే హెచ్చరిక, ఇవన్నీ పోతే మీకు మిగిలేది నలభై, నలభై ఐదు. వంద మాటల స్క్రిప్ట్ తెచ్చి ‘స్పీడుగా చదివేద్దాం’ అనేవాళ్లతో వాదించకండి. చదివి చూపించమనండి.

ఇద్దరి మధ్య మాట

రేడియోకి పుట్టుకతో వచ్చిన రూపం ఇదే. ఒక గొంతు దూకుడుగా, ఇంకోటి నిదానంగా ఉంటే చాలు, వినేవాడికి రెండు ముఖాలు కనిపిస్తాయి.

బీరులో దీనికి పెద్ద పేరు పీల్స్. 1883లో బ్రూక్లిన్‌లో మొదలైన బ్రూవరీ ఇది. 1955 నుంచి 1960 దాకా యంగ్ అండ్ రూబికామ్ ఏజెన్సీ దీనికి బెర్ట్, హ్యారీ అని ఇద్దరు కల్పిత అన్నదమ్ముల్ని సృష్టించి రేడియోలోనూ టీవీలోనూ నడిపింది. గొంతులు బాబ్ ఇలియట్, రే గోల్డింగ్‌లవి. అప్పటికే ‘బాబ్ అండ్ రే’గా రేడియోలో ఇంటింటికీ తెలిసినవాళ్లు. బెర్ట్ పొట్టివాడు, నోరు పెద్దది, బీరు అమ్మి తీరాలన్న ఆత్రం. హ్యారీ పొడుగ్గా, మెత్తగా, బెర్ట్ చేసే గోలకి మొహమాటపడుతూ ఉంటాడు. బీరు కంపెనీ తన అమ్మకపు గోలని తనే వెక్కిరించుకుంటోందన్నమాట. జనానికి అది తెగ నచ్చింది. యాడ్ కోసం ఎదురుచూసేవాళ్లట. పేరు పరీక్షలోనూ ఇది నెగ్గుతుంది. ఆ అన్నదమ్ముల ఇంటిపేరే పీల్.

అయితే యాడ్ల రంగంలో దీన్ని ఇంకో కారణానికి గుర్తుచేసుకుంటారు. యాడ్లు చూసి జనం బీరు కొన్నారు, అమ్మకాలు పెరిగాయి, ఆ తర్వాత తగ్గాయి. రుచి నచ్చలేదని అంటారు. నవ్వు మొదటి సీసా అమ్ముతుంది, రెండోదాన్ని బీరే అమ్ముకోవాలి. కాబట్టి ఈ గైడ్ చదివే బ్రూవరీ యజమానులకి ఒక మాట: రుచి విషయంలో మీకే అనుమానముంటే హాస్యం మీద పెద్ద బడ్జెట్ పెట్టకండి. మీ సమస్యని ఇంకా ఎక్కువమందికి రుచి చూపించినట్టవుతుంది.

1980లలో అమెరికాలో మోల్సన్ బీరుకి వచ్చిన యాడ్లు ఈ జంట రూపానికే ఇంకో ముఖం. గారెట్ బ్రౌన్, ఆన్ విన్ అనే ఇద్దరు, ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు. మాటకు మాట, కొంచెం చిలిపితనం, కొంచెం పొడుచుకోవడం. ఈ గారెట్ బ్రౌన్ సినిమాలవాళ్లు కెమెరా కుదుపు లేకుండా నడవడానికి వాడే స్టెడీక్యామ్‌ని కనిపెట్టిన మనిషే. ఆ మోల్సన్ యాడ్లలో రాసుకుని చదివిన వాసన ఉండదు. మాట మీద మాట పడుతుంది, మధ్యలో ఎవరో నవ్వాపుకుంటారు. అలాంటిది కావాలంటే నటులకి స్క్రిప్ట్ ఇచ్చి ఊరుకోవద్దు. సందర్భం చెప్పి అరగంట మాట్లాడుకోనిచ్చి, ఆ తర్వాత కత్తిరించుకోండి. ఎడిటింగ్ బాధ ఎక్కువే, కానీ ఆ అరగంటలో ఎక్కడో ఒకచోట ఎవరూ రాయలేని 20 సెకన్లుంటాయి.

జంట స్పాట్ ఎలా నడుస్తుందో చిన్న మచ్చు చూడండి. బీరు పేరు ‘ఫలానా’ అనుకుందాం.

తమ్ముడు: అన్నయ్యా, కొంచెం మెల్లగా. మైకు దగ్గరే ఉంది.
అన్న (అరుస్తూ): మెల్లగా చెబితే బీరు అమ్ముడవుతుందట్రా!
తమ్ముడు: నువ్వు అరిస్తే నురగ దిగిపోతోంది.
(నిశ్శబ్దం. నురగ చిటపటలు.)
అన్న (గుసగుసగా): ఫలానా బీరు.
తమ్ముడు: ఆఁ, ఇప్పుడు బాగుంది.
అన్న (గుసగుసగా): నురగ ఉందా?
తమ్ముడు: ఉంది.
అన్న (అరుస్తూ): ఫలానా బీరూ!
తమ్ముడు: ...పోయింది.

నలభై మాటలు కూడా లేవు. పేరు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ జోకుని నడిపింది అదే. నురగ చిటపటల దగ్గర ఒకటిన్నర సెకను నిశ్శబ్దం ఉంది, దాన్ని ఎవరు కత్తిరించమన్నా ఒప్పుకోవద్దు. రేడియోలో నిశ్శబ్దం వస్తే కారులో ఉన్నవాడు కూడా చెవులు రిక్కిస్తాడు.

లోపం ఎక్కడంటే, ఇద్దరు మంచి నటులు కావాలి, వాళ్లిద్దరికీ కుదరాలి. స్టేషన్‌లో ఖాళీగా దొరికిన ఇద్దరు ఆర్జేలతో చేయిస్తే ఇద్దరూ ఒకే హుషారుతో మాట్లాడతారు, ఎవరు అన్నో ఎవరు తమ్ముడో తెలియదు. ఇంకో ప్రమాదం, ‘అయ్యో, ఏమిటి ఇంత రుచిగా ఉంది ఈ బీరు!’ ‘అవును వదినా, దీంట్లో...’ అనే రకం సంభాషణ. రేడియో సెట్టులోంచి నేరుగా డస్ట్‌బిన్‌లోకి వెళ్లాల్సింది ఇదే.

ఉత్తుత్తి సన్మానం

పనికిమాలిన పనికి పెద్ద సభ పెట్టి పొగడటం. దీన్ని బీరులో శిఖరానికి తీసుకెళ్లింది బడ్ లైట్. 1990ల చివర్లో డీడీబీ చికాగో ఏజెన్సీ ‘రియల్ అమెరికన్ హీరోస్’ అనే పేరుతో మొదలుపెట్టింది. గంభీరమైన గొంతు ఒకటి ఎవరో ఒక మామూలు మనిషికి వందనాలు చెబుతుంది. సరిగ్గా కూర్చోని విగ్గు పెట్టుకునేవాడికో, ఒళ్లంతా సెంటు కుమ్మరించుకునేవాడికో. మధ్యమధ్యలో రాక్ గాయకుడొకడు గొంతు చించుకుని ఆ పొగడ్తనే పాటగా ఎత్తుకుంటాడు. ఆ గాయకుడు డేవ్ బిక్లర్, 1980లలో సర్వైవర్ బ్యాండ్‌లో పాడినవాడు. వెటకారంగా పాడడు, నిజంగానే స్టేడియం నిండా జనం ఉన్నట్టు పాడతాడు. నవ్వంతా అక్కడే ఉంది.

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ‘హీరో’ అనే మాటతో ఆడుకోవడం కుదరలేదు. ఆ మాట ఇప్పుడు అగ్నిమాపక సిబ్బందిది. ప్రచారాన్ని ఆపి, ‘రియల్ మెన్ ఆఫ్ జీనియస్’ అని పేరు మార్చి తిరిగి తెచ్చారు. వందకు పైగా స్పాట్లు వచ్చాయి. జనం డబ్బు పెట్టి కొనుక్కునేలా సీడీలుగానూ వేశారు. యాడ్‌ని కొనుక్కుని వినడం! ఇరవయ్యోసారి పరీక్షకి ఇంతకంటే రుజువేం కావాలి?

ఎందుకు అరిగిపోలేదో చూడండి. చట్రం మారదు, సన్మానితుడు మారతాడు. శ్రోతకి మొదటి రెండు సెకన్లలోనే ‘ఓహో, ఇవాళ ఎవరికో’ అని ఆసక్తి. పేరు విషయంలోనూ చాకచక్యముంది. బీరు ఈ సభకి నిర్వాహకుడు కాబట్టి పేరు మొదట్లోనే హక్కుగా వస్తుంది, చివర్లో సన్మానితుడి చేతికి సీసా ఇవ్వడంతో మళ్లీ వస్తుంది. బలవంతం కనిపించదు.

మన భాషకి ఈ రూపం మహా నప్పుతుంది. శాలువా, పూలదండ, మైకు ముందు ‘ఈ శుభ సందర్భంలో’ అనే గొంతు, ఇవన్నీ సిద్ధంగా ఉన్నాయి. గ్రాంథికం వైపు ఒక్క అడుగు వేస్తే చాలు, నవ్వు దానంతటదే వస్తుంది.

‘సభకు నమస్కారం. ఫలానా బీరు వారు నేడు శాలువా కప్పుతున్నది... ‘దారిలో ఉన్నా, ఐదే నిమిషాలు’ అని మెసేజ్ పెట్టి, అప్పుడు తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి బయల్దేరు మహానుభావునకు! అయ్యా, తమకు కాలమొక మిథ్య. ఇచట వేడెక్కిపోతున్న ఫలానా మాత్రం మిథ్య కాదు.’

ఇక దీని లోపం. ఒక్క స్పాట్‌తో ఇది పని చేయదు. మొదటిది విన్నప్పుడు వింతగా ఉంటుంది, మూడోది విన్నాక గానీ ఆట అర్థం కాదు. కనీసం ఐదారు స్పాట్లు రాయగలిగితేనే దిగండి. బడ్ లైట్‌వి 60 సెకన్ల స్పాట్లు. ఆ ఆర్భాటానికి అంత చోటు కావాలి. 30 సెకన్లలోకి కుదిస్తే సన్మానం కాస్తా సంతాపంలా ముగుస్తుంది. ఎవర్ని ఎంచుకుంటున్నారన్నదీ జాగ్రత్త. తనకు తానే చేసుకున్న వెర్రిపనికి నవ్వండి. మనిషి రూపం, కులం, ఊరు, పేదరికం జోలికెళ్తే అది వెక్కిరింత అవుతుంది.

ఒంటరి గొంతు

ఖర్చు తక్కువ, కష్టం ఎక్కువ. ఒక మనిషి, ఒక మైకు, నింపాదిగా మాట. 1986లో మోటెల్ 6 అనే చవక హోటళ్ల గొలుసు కోసం టామ్ బోడెట్ అనే రేడియో మనిషి చేసినవి ఈ తరహాకి కొండగుర్తు. రికార్డింగ్‌లో చివర కొన్ని సెకన్లు మిగిలితే ‘మీ కోసం లైటు వేసే ఉంచుతాం’ అని అప్పటికప్పుడు అన్నాడు. ఆ మాటే దశాబ్దాలపాటు ఆ కంపెనీ గుర్తుగా నిలిచిపోయింది. స్టూడియోకి వెళ్లినప్పుడు చివరి మూడు సెకన్లు ఖాళీగా వదిలేయమని నేను చెప్పడానికి కారణం అదే. నటుడికి తోచింది అననివ్వండి.

బీరులో దీనికి మంచి రూపం యజమానే మాట్లాడటం. 1984లో బోస్టన్ బీర్ కంపెనీ పెట్టిన జిమ్ కుక్ తన శామ్యూల్ ఆడమ్స్ బీరు కోసం రేడియోలో తనే మాట్లాడాడు. నటుడి నునుపు లేని గొంతు. ఆ గరుకుతనమే నమ్మకం పుట్టిస్తుంది. చిన్న బ్రూవరీవాళ్లు ఈ దారి చూడకుండా నేరుగా ఖరీదైన నటుల దగ్గరికి పరిగెత్తడం నాకెప్పుడూ అర్థం కాదు. మీ బీరు గురించి మీకు తెలిసినంత ఆ నటుడికి తెలుసా? మొదటిసారి కాచిన బ్యాచ్ మొత్తం పారబోయాల్సి వచ్చిన సంగతి మీరు నవ్వుతూ చెబితే అదే స్క్రిప్ట్.

మీరు మైకు ముందు బిగుసుకుపోయే రకమైతే మాత్రం వద్దు. ‘నేను సరదాగానే మాట్లాడతాను’ అనుకునేవాళ్లలో సగం మంది ఎర్ర లైటు వెలగ్గానే పంచాయతీ ప్రకటన చదివినట్టు చదువుతారు. ముందు ఫోన్‌లో రికార్డు చేసి, మిమ్మల్ని పొగడాల్సిన అవసరం లేనివాళ్లకి వినిపించండి.

చెవిలో సినిమా

టీవీలో కోట్లు పోసినా తీయలేని దృశ్యాన్ని రేడియోలో నాలుగు శబ్దాలతో తీయొచ్చు. దీన్ని ఎప్పటికీ మర్చిపోలేనట్టు చూపించినవాడు స్టాన్ ఫ్రీబర్గ్. 1960లలో రేడియోలో యాడ్లిమ్మని వ్యాపారులకి చెప్పడానికి చేసిన ప్రోమోలో మిషిగన్ సరస్సుని ఖాళీ చేయించి, హాట్ చాక్లెట్‌తో నింపి, అందులోకి 700 అడుగుల క్రీము కొండని తోయించాడు. కెనడా వైమానిక దళం విమానాలొచ్చి పది టన్నుల చెర్రీ పండుని దానిమీద పడేస్తాయి, 25,000 మంది జనం హర్షధ్వానాలు చేస్తారు. ఆ తర్వాత ఇది టీవీలో చేసి చూపించండి అంటాడు.

బీరుకి ఇది ఊరించే దారి, ఎందుకంటే బీరుకి సొంత శబ్దాలున్నాయి. మూత ఊడిన ‘టక్’, వెంటనే ‘ష్ష్’, గ్లాసులో పడేటప్పుడు మొదట లావుగా మొదలై గ్లాసు నిండేకొద్దీ సన్నబడే ఆ చప్పుడు. ఆ మూడూ వినిపిస్తే పేరు చెప్పకముందే బీరని తెలుస్తుంది. ఇబ్బందీ అక్కడే ఉంది. ఆ శబ్దాలు ఏ బీరువైనా ఒకేలా ఉంటాయి. పేరు పరీక్షలో ఈ రూపం సులభంగా తప్పుతుంది. దృశ్యం గుర్తుంటుంది, బ్రాండ్ జారిపోతుంది. మంచి సౌండ్ ఇంజనీర్ లేకుండా దిగితే సరస్సు కాస్తా బకెట్ నీళ్లలా వినిపిస్తుంది.

ఒక హెచ్చరిక. సైరన్లు, కారు హారన్లు, బ్రేకు కీచులు వాడొద్దు. రేడియో వినేవాళ్లలో చాలామంది స్టీరింగ్ వెనకే ఉంటారు. బ్రిటన్ ప్రసార ప్రకటనల నియమావళి డ్రైవింగ్‌లో ఉన్నవాళ్లకి ప్రమాదం తెచ్చే శబ్దాలు పెట్టొద్దని ప్రత్యేకంగా చెబుతుంది. బీరు యాడ్‌లో హారన్ అంటే నియమం సంగతి తర్వాత, వినడానికే ఎబ్బెట్టు.

జింగిల్, పేరడీ, సెలబ్రిటీ

ఈ మూడింటి మీద ఎక్కువ సమయం పెట్టను. హాస్య జింగిల్ పేరుని నోటికి పట్టిస్తుంది, కానీ పాటలోని జోకు అన్నిటికంటే త్వరగా అరుగుతుంది. జింగిల్ కావాలంటే జోకు లేని జింగిల్ చేయించుకుని, నవ్వు వేరే చోట పెట్టండి. తెలిసిన పాటకి పేరడీ అంటే హక్కులవాళ్ల అనుమతి, దాని బిల్లు. ఇక సినిమా నటుల మిమిక్రీ వింటే జనం ఆ నటుడిని గుర్తుపడతారు, బీరుని కాదు. పైగా పిల్లలు ఇష్టపడే నటుడి గొంతైతే చాలా దేశాల్లో చట్టం దగ్గరే ఆగిపోతుంది.

| రకం | ఇరవయ్యోసారి | పేరు జోకులో కలుస్తుందా | ఏం కావాలి | ఎక్కడ జారుతుంది |
|---|---|---|---|---|
| ఇద్దరి మాట | బాగా నిలుస్తుంది | బాగా, రాసేవాడికి ఓపికుంటే | కుదిరిన ఇద్దరు నటులు | కృత్రిమ సంభాషణ |
| ఉత్తుత్తి సన్మానం | వరసగా చేస్తే అన్నిటికంటే మేలు | నిర్వాహకుడిగా సులభంగా | ఐదారు స్క్రిప్టులు, గాయకుడు | ఒక్క స్పాట్‌తో ఆగిపోవడం |
| ఒంటరి గొంతు | గొంతుని బట్టి | యజమానైతే సహజంగా | ఒకే మనిషి | బిగుసుకుపోవడం |
| చెవిలో సినిమా | మధ్యస్థం | కష్టం | సౌండ్ ఇంజనీర్ | బ్రాండ్ మర్చిపోవడం |
| జింగిల్, పేరడీ | తక్కువ | పేరు గుర్తుంటుంది, జోకు కాదు | సంగీతం, హక్కులు | విసుగు |

చట్టం ఏ జోకుని చంపుతుంది

స్క్రిప్ట్ ఎంచుకునే ముందే ఇది చూడాలి, తర్వాత కాదు. కొన్ని దేశాల్లో ప్రశ్నే లేదు. భారత్‌లో ఆకాశవాణి ప్రకటనల నియమావళి మద్యాన్ని ఒప్పుకోదు, ప్రైవేటు ఎఫ్ఎంలూ అదే పాటించాలి. ఫ్రాన్స్‌లో 1991 నాటి ఎవాఁ చట్టం టీవీని పూర్తిగా మూసేసి, రేడియోలో వేళలు పెట్టింది. బుధవారం అర్ధరాత్రి నుంచి ఉదయం 7 దాకా, మిగతా రోజుల్లో అర్ధరాత్రి నుంచి సాయంత్రం 5 దాకా మాత్రమే. అప్పట్లో బుధవారం పిల్లలకి బడి ఉండేది కాదు, అందుకే ఆ తేడా. వేళ కంటే పెద్ద అడ్డంకి విషయంలో ఉంది. ఎక్కడ తయారైంది, ఎంత శాతం ఆల్కహాల్, ఎలా కాస్తారు లాంటి వివరాలే చెప్పాలి. అన్నదమ్ముల గోలకి అక్కడ చోటు దొరకడం కష్టం. ఒంటరి గొంతు, అదీ పొడి హాస్యంతో, కాస్త నెగ్గుకురావచ్చు. ఐర్లండ్‌లో 2025 జనవరి 10 నుంచి వారపు రోజుల్లో మధ్యాహ్నం 3 నుంచి మర్నాడు ఉదయం 10 దాకా రేడియోలో మద్యం యాడ్లు లేవు. ఆఫీసు నుంచి ఇంటికెళ్లే వేళ, బీరువాళ్లు ప్రాణంగా చూసుకునే వేళ, పోయినట్టే. మధ్యాహ్నపు శ్రోత ఇంట్లోనో షాపులోనో ఉంటాడు కాబట్టి అక్కడ నింపాది గొంతుకే నా మొగ్గు.

బ్రిటన్‌లో వేళ కంటే తీరు మీద పట్టింపు ఎక్కువ. తాగితే ధైర్యం వస్తుందనీ, అమ్మాయిలు పడతారనీ, పదిమందిలో పేరొస్తుందనీ ధ్వనించకూడదు. యాడ్‌లో తాగే పాత్ర 25 ఏళ్లు దాటినట్టే ఉండాలి. రేడియోలో అంటే గొంతు వయసన్నమాట. కుర్ర గొంతుతో మీ సన్మానితుడిని రాస్తే అక్కడే చిక్కు. అమెరికాలో బీరు యాడ్‌కి ఫెడరల్ నిషేధం లేదు, పరిశ్రమ తనకు తానే పెట్టుకున్న నియమాలున్నాయి. శ్రోతల్లో ఎక్కువ భాగం తాగే వయసువాళ్లున్న కార్యక్రమాల్లోనే వేయాలి.

ఏ దేశమైనా ఒక జోకు మాత్రం ముట్టుకోవద్దు: తాగి తూలే గొంతు. బీరు యాడ్ రాయమనగానే ప్రతివాడికీ మొదట తట్టేది అదే. ‘ఏంట్రా...’ అని నాలుక మడతపెట్టి మాట్లాడించడం. నియమాలు ఒప్పుకోవు సరే. అసలు మీ సరుకు తాగినవాడు ఇలా అవుతాడని మీరే చాటుతున్నారు. నవ్వాల్సింది బీరు తాగకముందు మనిషి మీద. ఆలస్యంగా వచ్చేవాడు, ఓపెనర్ ఎక్కడ పెట్టాడో మర్చిపోయినవాడు, ఫ్రిజ్‌లో ఖాళీ డబ్బా తిరిగి పెట్టేవాడు. నవ్వుకి కావాల్సిన ముడిసరుకు అక్కడ దొరుకుతుంది.

మీరు ఎవరు?

చిన్న బ్రూవరీ, చిన్న బడ్జెట్, ఒక్క స్టేషన్. ముందు మీ సొంత గొంతుని పరీక్షించుకోండి. అది కుదరకపోతే ఇద్దరి మాట. రంగస్థలం మీద కలిసి నటించే జంట ఎవరైనా దొరికితే ఆర్జేల కంటే వాళ్లే మేలు, ఎందుకంటే ఆగడం వాళ్లకి ముందే తెలుసు.

పెద్ద బ్రాండ్, ఏడాది పొడుగునా గాలిలో ఉంటారు. అయితే ఉత్తుత్తి సన్మానం లాంటి చట్రం. మొదటి స్పాట్ కంటే పన్నెండోది ఎలా ఉంటుందో ఏజెన్సీని ముందే అడగండి. ‘అప్పుడు చూసుకుందాం’ అన్నారంటే వాళ్ల దగ్గర చట్రం లేదు, ఒక జోకు ఉంది.

వారాంతం ఒక్క ఈవెంట్‌కి, మూడు రోజుల ప్రచారం. ఇక్కడ మాత్రం నా ఇరవయ్యోసారి సూత్రాన్ని పక్కన పెట్టేయండి. ఎవరూ ఇరవైసార్లు వినరు. కొసమెరుపు జోకైనా, చెవిలో సినిమా అయినా సరే, మొదటిసారికే గట్టిగా కొట్టేది తీసుకోండి.

ఆల్కహాల్ లేని బీరు అమ్మేవాళ్లకి ఇద్దరి మాట వరం. ‘ఇది బీరా?’ ‘బీరే.’ ‘మరి...?’ ‘కాదు.’ అనే ఆ తికమకలోనే సరుకు మొత్తం ఉంది, బ్లూ నన్‌లో ఉన్నట్టు. చట్టం కూడా కొన్నిచోట్ల కాస్త వెసులుబాటిస్తుంది. అయితే ఆ వెసులుబాటు సంగతి లాయర్‌ని అడిగి తేల్చుకోండి, కాపీరైటర్‌ని కాదు.

ఇక కొత్త రకం బీరు, చేదెక్కువ ఉన్నదో, పండు కలిపిందో, చెప్పడానికి నిజంగా కొత్త సంగతుందా? అయితే హాస్యం తగ్గించండి. నవ్వు కొత్త సంగతిని మింగేస్తుంది.

ఎంచుకున్నాక, ఫైనల్ మిక్స్‌ని స్టూడియో స్పీకర్లలో విని ఓకే చెప్పకండి. అక్కడ ప్రతిదీ బాగుంటుంది. ఫోన్‌లో వేసుకుని వంటింట్లోకి వెళ్లండి. కుళాయి తిప్పండి, మిక్సీ నడుస్తుంటే ఇంకా మంచిది. పని చేసుకుంటున్నవాళ్లకి చెప్పకుండా ఒక్కసారి వినిపించి, మర్నాడు అడగండి. జోకు చెప్పి, బీరు పేరు కోసం తల గోక్కున్నారంటే, కొన్న వేళని ఒక వారం వాయిదా వేయమని స్టేషన్‌కి ఫోన్ చేసి, మూడు స్క్రిప్టులూ మళ్లీ టేబుల్ మీద పెట్టండి.